నొప్పి నేర్చిన మెదడుకు కొత్త పాఠం

బాన్సువాడలో, బీర్కూరులో, నస్రుల్లాబాదులో, పిట్లంలో, వర్నిలో ఈ పూట రేడియో దగ్గరున్న అక్కలారా, అన్నలారా, పెద్దలారా, చేతిలో పని ఉంటే ఆపకండి. బీడీలు చుడుతూ వినొచ్చు, వంట చేస్తూ వినొచ్చు.

ముందుగా ఒక మాట చెబుతాను. ఈ ప్రసంగంలో ఇదే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. మీ నొప్పి నిజం. ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా నిజమే. రక్తపరీక్షలన్నీ బాగున్నాయని చెప్పినా నిజమే. ఇంట్లో ఎవరూ నమ్మకపోయినా నిజమే.

ఇక రెండో మాట. ఒంట్లో గాయం మానిపోయాక కూడా నొప్పి మిగిలిపోవచ్చు. ఎందుకంటే ఆ నొప్పిని మెదడు నేర్చుకుని ఉంటుంది. నేర్చుకున్నదాన్ని మార్చుకునే శక్తి కూడా మెదడుకే ఉంది. అందుకు సాయపడే వైద్యం ఒకటుంది. అందులో సూది లేదు, కోత లేదు. మాటతో, సాధనతో చేసే వైద్యం. సైకోథెరపీ అంటారు, మానసిక చికిత్స అంటారు.

మాటలతో నొప్పి పోతుందా అని మీకు అనుమానం రావచ్చు. రావాలి కూడా. అందుకే ముందు జరిగిన సంగతులు చెబుతాను.

1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న సంఘటన అచ్చయింది. భవన నిర్మాణ కూలీ ఒకతను, వయసు 29 ఏళ్లు. పని మధ్యలో కిందికి దూకాడు. దూకిన చోట 15 సెంటీమీటర్ల మేకు ఉంది. అది బూటు అడుగున దిగి పైనుంచి బయటికి వచ్చింది. ఆసుపత్రికి తెచ్చారు. మేకు కొంచెం కదిలితే చాలు, అతను తట్టుకోలేకపోతున్నాడు. బలమైన మత్తుమందులు ఇచ్చి మేకును లాగారు. బూటు విప్పి చూశారు. మేకు కాలివేళ్ల సందులోంచి పోయింది. కాలికి గీత కూడా పడలేదు.

అతను నటించాడా? లేదు. అతని నొప్పి అబద్ధమా? అదీ కాదు. బూటులోంచి పొడుచుకొచ్చిన మేకును కళ్లు చూశాయి. కాలు పోయిందని మెదడు తేల్చేసింది. తేల్చిన మరుక్షణం నొప్పిని పుట్టించింది.

ఇప్పుడు దీనికి తలకిందులైన సంగతి వినండి. రెండో ప్రపంచ యుద్ధంలో హెన్రీ బీచర్ అనే అమెరికా వైద్యుడు ఇటలీ యుద్ధభూమిలో పనిచేశాడు. ఒళ్లు చీలిపోయిన సైనికులను చూశాడు. వాళ్లలో చాలామంది నొప్పి మందు కావాలని అడగలేదు. అంత గాయంలోనూ వాళ్లకు పెద్ద నొప్పి లేదు. బీచర్ ఆలోచించాడు. ఈ గాయంతో యుద్ధం తప్పింది, ప్రాణం దక్కింది, ఇక ఇంటికి పోతాం అన్న ఊరట వాళ్లకు ఉందని రాశాడు. 1946లో ఆ సంగతి అచ్చయింది.

ఒకచోట గాయం లేదు, నొప్పి ఉంది. ఇంకోచోట గాయం ఉంది, నొప్పి అంతగా లేదు. ఒంటినుంచి కబురు పోతుంది. అది ప్రమాదమా, కాదా అని తేల్చేది మెదడు. ప్రమాదం అనుకుంటే నొప్పి పుట్టిస్తుంది.

మన దేశంలో పుట్టిన ఒక శాస్త్రవేత్త ఈ విషయాన్ని కళ్లకు కట్టినట్టు చూపించారు. ఆయన పేరు వి.ఎస్. రామచంద్రన్. 1951లో తమిళనాడులో పుట్టారు, మద్రాసులో వైద్యం చదివారు, తరువాత అమెరికాలో పరిశోధన చేశారు. చేయి తీసేసిన మనుషులు కొందరు ఆయన దగ్గరికి వచ్చేవారు. లేని చేతిలో నొప్పి అని చెప్పేవారు. లేని పిడికిలి బిగుసుకుపోయింది, గోళ్లు అరచేతిలో దిగబడుతున్నాయి, విప్పుకోలేకపోతున్నాం అనేవారు.

రామచంద్రన్ 1990లలో ఒక చిన్న ఉపాయం చేశారు. ఒక అద్దాన్ని నిలబెట్టారు. ఉన్న చేతిని అద్దం ముందు పెట్టమన్నారు. అద్దంలో చూస్తే పోయిన చేయి మళ్లీ వచ్చినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు పిడికిలి మెల్లగా విప్పండి అన్నారు. ఉన్న పిడికిలి విప్పితే అద్దంలోని పిడికిలీ విచ్చుకుంది. కొందరికి, అందరికీ కాదు, కొందరికి, లేని చేతిలోని బిగింపు కూడా ఆ క్షణంలోనే సడలింది. వాడిన సామాను ఒక అద్దం. అంతే.

ఇదంతా పరదేశాల్లో. మన ఊళ్లో ఎట్లా ఉంటుందో చూద్దాం.

నిజాంసాగర్ కాలువ కింద నాట్లు వేసే ఒక అక్కను ఊహించుకోండి. ఫలానా మనిషి అని కాదు, మీ వాడలోనే ఉండొచ్చు. వానాకాలం నాట్లలో ఒకరోజు ఆమె నడుము పట్టేసింది. కండరం గుంజుకుంది. అది మామూలుగా కొన్ని వారాల్లో మానిపోవాలి. కానీ ఆ వారాల్లో ఏం జరిగింది? పక్కింటామె వచ్చి, "నడుము పోయిందంటే పోయినట్టే అక్కా, ఇగ వంగకు" అంది. స్కానింగ్ తీయించారు. కాగితంలో డిస్క్ అరిగిందని రాసి ఉంది. ఆ మాట ఆమె గుండెలో పడిపోయింది. ఇంట్లో అప్పు ఉంది. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు, ఫోన్ రాక వారమైంది. రాత్రి నిద్ర లేదు. మనసంతా రంది.

ఇప్పుడు ఆమె వంగబోతే చాలు, వంగకముందే నడుము బిగుసుకుంటుంది. బిందె ఎత్తాలన్న ఆలోచన వస్తేనే నొప్పి మొదలవుతుంది. మంచం మీద ఒరిగితే నొప్పి తగ్గుతుంది. అప్పుడు మెదడుకు ఏం అర్థమైంది? వంగడం ప్రమాదం, ఒరగడం క్షేమం అని అర్థమైంది. ఒక్కసారి కాదు, రోజూ అదే పాఠం. ఆరు నెలలయ్యేసరికి కండరం ఎప్పుడో బాగుపడింది. పాఠం మాత్రం గట్టిపడింది.

దీన్ని ఇంకోలా చెబుతాను. మక్కచేనులో మంచె మీద కావలి మనిషి ఉంటాడు. ఒకరాత్రి అడవిపందులు పడి చేను సగం తొక్కేశాయి. ఆ మర్నాటి నుంచి అతనికి బుగులు పట్టుకుంది. గాలికి ఆకు కదిలినా అరుస్తాడు. అతను అబద్ధం ఆడటం లేదు. మనల్ని కాపాడాలనే అరుస్తున్నాడు. అతన్ని తిడితే ఏమవుతుంది? ఇంకా బెదురుతాడు. నోరు మూస్తే ఏమవుతుంది? రేపు నిజంగా పందులు వస్తే చెప్పేవాడుండడు. చేయవలసింది ఒకటే. అతని పక్కన కూర్చోవాలి. టార్చి వేసి చూపించాలి. ఇదిగో, గాలి. ఇదిగో, ఆకు. పంది లేదు. ఇట్లా ఎన్నో రాత్రులు చూపించాలి. మెల్లమెల్లగా అతను గాలికీ పందికీ తేడా మళ్లీ పోల్చుకుంటాడు.

మానసిక చికిత్సలో జరిగేది చాలావరకు ఇదే.

స్కానింగ్ కాగితం గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఆ కాగితమే ఎంతోమందిని మంచాన పడేస్తోంది. 2015లో పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ ఒకచోట పెట్టి చూశారు. నడుము నొప్పి ఏమాత్రం లేనివాళ్ల స్కానింగులు అవి. ఇరవై ఏళ్ల వయసువాళ్లలో కూడా నూటికి 37 మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్ల వాళ్లలో నూటికి 96 మందికి కనిపించింది. మళ్లీ చెబుతున్నాను, వీళ్లెవరికీ నడుము నొప్పి లేదు. జుట్టు నెరిసినట్టే వయసుతో డిస్కూ అరుగుతుంది. కాగితంలో ఆ మాట ఉన్నంత మాత్రాన నడుము పోయినట్టు కాదు. స్కానింగ్ చూసి చెప్పే డాక్టర్లు ఈ ఒక్క వాక్యం కూడా రోగికి చెబితే ఎంత మేలో అనిపిస్తుంది నాకు.

ఇక అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో జరిగిన ప్రయోగం సంగతి. 2021లో దాని ఫలితాలు వచ్చాయి. యోని ఆషర్, టోర్ వేగర్ అనే పరిశోధకులు, ఆలన్ గోర్డన్ అనే చికిత్సకుడు కలిసి చేశారు. ఏళ్ల తరబడి నడుము నొప్పి ఉన్న 151 మందిని తీసుకుని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఇంతవరకు వాడుతున్న వైద్యమే. రెండో జట్టుకు నడుములో ఉప్పునీటి సూది. అందులో మందు లేదని వాళ్లకు చెప్పే ఇచ్చారు. మూడో జట్టుకు మాటల చికిత్స. నాలుగు వారాలు, వారానికి రెండు గంటలు.

ఆ రెండు గంటల్లో ఏం చేశారు? కూర్చోబెట్టి నొప్పి గురించి వివరించారు. మీ నడుములో ప్రమాదం లేదు, మెదడు పొరపాటున మోగిస్తున్న హెచ్చరిక ఇది అని వాళ్ల సొంత అనుభవాల నుంచే చూపించారు. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ ఎందుకుంది? పెళ్లింట్లో పని చేస్తుంటే నొప్పి గుర్తుకే రాలేదెందుకు? తగాదా జరిగిన రాత్రి ఎందుకు పెరిగింది? ఇట్లాంటి ప్రశ్నలు. ఆ తరువాత కళ్లు మూసుకుని ఆ నొప్పినే గమనించమన్నారు. తరమకుండా, తిట్టకుండా గమనించాలి. వెచ్చగా ఉందా, గుంజుతోందా, కదులుతోందా? భయం లేకుండా చూడడం. ఇన్నాళ్లూ మానేసిన కదలికలను అదే నిబ్బరంతో మళ్లీ మొదలుపెట్టించారు.

నాలుగు వారాల తరువాత, మాటల చికిత్స పొందిన 50 మందిలో 33 మందికి నొప్పి పూర్తిగానో దాదాపుగానో పోయింది. మూడింట రెండు వంతుల మంది. ఉప్పునీటి సూది జట్టులో అయిదుగురిలో ఒకరికి, పాత వైద్యం జట్టులో పదిమందిలో ఒకరికి అట్లా తగ్గింది. ఏడాది తరువాత అడిగితే ఆ మేలు చాలామందిలో నిలిచే ఉంది. యంత్రాల్లో మెదడు చిత్రాలు కూడా తీశారు. నడుముకు నొప్పి కలిగించినప్పుడు ఇదివరకు చురుగ్గా స్పందించిన కొన్ని భాగాలు చికిత్స తరువాత నెమ్మదించాయి.

ఇది ఒక్క ప్రయోగం. అందులో పాల్గొన్నవాళ్లు చదువుకున్నవాళ్లు, కాస్త వసతిగా బతికేవాళ్లు. వాళ్ల నొప్పి కూడా మరీ విపరీతమైనది కాదు. రోజంతా బురదలో వంగే అక్కకు, ఉదయం నుంచి చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మకు ఇదే ఫలితం వస్తుందని నేను ఇప్పుడే హామీ ఇవ్వలేను. ఇక్కడి వాళ్లతో, ఇక్కడి భాషలో ఆ ప్రయోగం జరగాలని నా గట్టి కోరిక. మన నడుములు కూడా లోకానికి ఏదో చెబుతాయి కదా.

నొప్పి సంగతి ఇట్లా ఉంటే, గాబరా సంగతీ అదే దారి. ఒక మనిషి నిజామాబాద్ బస్సులో పోతున్నాడు. రద్దీ, ఉక్క. ఉన్నట్టుండి గుండె దడదడ. చేతులు చల్లబడ్డాయి. ఊపిరి ఆడట్లేదు. చచ్చిపోతున్నాననుకున్నాడు. దిగిపోయాడు. ఆసుపత్రిలో ఈసీజీ తీశారు. "ఏం లేదు, అంతా నార్మల్" అన్నారు. కానీ ఆరోజు నుంచి బస్సెక్కడు. బస్సు దిగగానే దడ తగ్గింది కాబట్టి, బస్సే శత్రువని మెదడు రాసుకుంది. తరువాత సంతకు పోవడం మానేశాడు. తరువాత పెళ్లిళ్లకు. నేర్చుకున్న నొప్పిలాగే ఇది నేర్చుకున్న భయం.

దీన్ని విప్పడం ఎట్లాగో నూరేళ్ల కిందటే ఒకామె చూపించింది. మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త. 1924లో ఆమె ఒక పిల్లవాడి కథ రాసింది. పీటర్ అని పిలిచారు వాణ్ణి. మూడేళ్లు కూడా నిండలేదు. కుందేలంటే వాడికి హడల్. ఆమె ఏం చేసిందంటే, వాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును గదిలో దూరంగా ఉంచింది. మరోరోజు ఇంకొంచెం దగ్గరికి. మరోరోజు ఇంకొంచెం. తొందరపెట్టలేదు. చివరికి ఆ కుందేలు పీటర్ వేళ్లను కొరుకుతుంటే వాడు చూస్తూ కూర్చున్నాడు.

నేటికీ భయాల చికిత్సకు ఇదే వెన్నెముక. బస్సంటే భయమా? మొదటిరోజు బస్టాండు దాకా నడిచి, దడ వచ్చినా అక్కడే కాసేపు నిలబడాలి. దడ పెరుగుతుంది. పెరిగి, దానంతట అదే తగ్గుతుంది. పారిపోకుండా అది తగ్గడం మెదడు చూడాలి. అదే పాఠం. తరువాత ఒక స్టాపు. తరువాత రెండు. పక్కన చికిత్సకుడు ఉంటే మంచిది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. కొత్త పాఠం వచ్చినా పాతది పూర్తిగా చెరిగిపోదు. పావ్లోవ్ అనే రష్యా శాస్త్రవేత్త కుక్కలతో చేసిన ప్రయోగాల్లోనే ఇది గమనించాడు. మానిపించిన అలవాటు కొన్నాళ్ల తరువాత ఉన్నట్టుండి తిరిగి తలెత్తుతుంది. కొత్త పాఠం పాతదాని పైన నిలబడి దాన్ని అదుపులో పెడుతుంది, అంతే. అందుకే కష్టకాలం వచ్చినప్పుడు, నిద్ర లేనప్పుడు, ఇంట్లో చావు జరిగినప్పుడు పాత నొప్పి ఒకసారి తొంగిచూడొచ్చు. అయ్యో, చికిత్సంతా వృథా అయిందని కుంగిపోకండి. కావలి మనిషికి మళ్లీ కొన్ని రాత్రులు టార్చి చూపిస్తే సరిపోతుంది. రెండోసారి త్వరగా కుదురుతుంది.

మాట మెదడును మారుస్తుందనడానికి ఇంకా ఆధారాలున్నాయి. స్వీడన్‌లో, నలుగురిలో మాట్లాడాలంటే విపరీతంగా బెదిరేవాళ్లకు తొమ్మిది వారాల పాటు చికిత్స చేశారు. భయానికి కీలకమైన అమిగ్డలా అనే భాగం మెదడు లోతుల్లో ఉంటుంది. చికిత్స తరువాత దాని స్పందన తగ్గింది, పరిమాణమూ కొద్దిగా తగ్గింది. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. చిన్న అధ్యయనమే. అయినా దారి చూపేది.

ఇప్పుడు దయచేసి చాలా జాగ్రత్తగా వినండి. నొప్పులన్నీ నేర్చుకున్నవి కావు. ముందు డాక్టరు పరీక్ష. ఆ తరువాతే ఈ మాటలు. నడుము నొప్పితో పాటు మలమూత్రాల మీద అదుపు తప్పినా, కాలు మొద్దుబారినా, పడిపోయినా, జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గుండెలో నొప్పి వస్తే గాబరా అని మీరే తేల్చుకోవద్దు. వెంటనే ఆసుపత్రి. ఇంకోసారి చెబుతున్నాను. ముందు పరీక్ష, తరువాత మాటల చికిత్స. వాడుతున్న మందులు కూడా డాక్టరును అడగకుండా ఒక్కసారిగా మానకండి. అట్లాగని నెలల తరబడి నొప్పి గోలీలు మింగుతూ, ఊళ్లో సూదులు వేయించుకుంటూ కాలం గడపడమూ మంచిది కాదు. ఆ గోలీలు కడుపునూ కిడ్నీలనూ పాడుచేయొచ్చు.

ఇంకో మాట మనసులో ఉంది, చెప్పాలి. చికిత్స అప్పు తీర్చదు. బీడీల కూలీ పెంచదు. పది గంటలు ఒకేచోట కూర్చుంటే మెడ పట్టకుండా ఉండదు, అప్పుడు మారాల్సింది మెదడు ఒక్కటే కాదు, ఆ పని తీరు కూడా. బాధకు కారణం బతుకులో ఉంటే దాన్ని ఆ మనిషి తలలోకి నెట్టేయకూడదు. అది అన్యాయం. రెండూ చూసేవాడే మంచి చికిత్సకుడు.

ఇంట్లోవాళ్లతో కూడా రెండు మాటలు. అత్తమ్మా, మామయ్యా, అన్నా. పరీక్షల్లో ఏమీ లేదన్నారంటే కోడలు నటిస్తోందని అర్థం కాదు. "పని తప్పించుకోవడానికే" అన్న మాట ఆమె నొప్పిని పెంచుతుంది. మాటవరసకు అనడం లేదు. బుగులు పెరిగితే కావలి మనిషి ఇంకా గట్టిగా అరుస్తాడు కదా. మరీ గారం చేసి మంచం దిగనీయకపోవడమూ అంతే చేటు. నమ్మండి, పక్కన నడవండి, కొద్దికొద్దిగా పనిలోకి రానివ్వండి.

ఇదంతా బాగుంది, చికిత్స చేసేవాళ్లు ఎక్కడున్నారు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పట్నాల్లో ఉన్నంతమంది మన పక్కన లేరు. కానీ దారులు తెరుచుకుంటున్నాయి. గోవాలో, మానసిక వైద్యంలో డిగ్రీలు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి కుంగుబాటుకు మాటల చికిత్స చేయిస్తే రోగులు బాగుపడ్డారని 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మన తెలుగు నేలలోనే, పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో, ఆశా కార్యకర్తలు ట్యాబ్ చేత పట్టుకుని ఇంటింటికీ వెళ్లి మనసు సంగతులు అడిగారు. అవసరమైనవాళ్లను డాక్టరు దగ్గరికి పంపారు. అంతకుముందు ఆ దారే తొక్కనివాళ్లు ఎందరో వైద్యానికి వెళ్లారు. మన ఆశా అక్కలకూ అది సాధ్యమే.

మీరు ఈరోజే చేయగలిగింది ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే ఫోన్ సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. ఉచితం. రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడొచ్చు. బాన్సువాడ ఏరియా ఆసుపత్రికి వెళ్లినప్పుడు కూడా డాక్టరును అడగండి, మానసిక వైద్యుణ్ణి ఎక్కడ కలవాలో చెప్పమనండి. అడగడానికి సిగ్గుపడకండి.

ఫోన్ ఎత్తగానే ఏం చెప్పాలో తోచకపోతే ఇట్లా మొదలుపెట్టండి. "నాకు ఆరు నెలలుగా నడుము నొప్పి. పరీక్షల్లో ఏమీ లేదన్నారు. రాత్రి నిద్ర పట్టడం లేదు. మనసులో బుగులుగా ఉంది." ఇంత చెబితే చాలు, మిగతాది అవతలివాళ్లు అడుగుతారు. కాగితం మీద రాసుకోండి, లేదా ఇంట్లో పిల్లలను రాయమనండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. మళ్లీ చెబుతున్నాను. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.